గానుగకు రెడ్ ఆక్సైడ్

రాయపూర్ దగ్గరి చరోదాలోని పాత చెక్క గానుగను కాపాడాలంటూ నేను పంపిన నాలుగు వ్యాసాల్లో ఈ పత్రిక ఒక్కటీ వేయలేదు. ఫోటోలు కూడా తిరిగి పంపలేదు. నాలుగోది వేయని నెలలోనే వంటల పేజీ రెండు పేజీలైంది. నేనేమీ మరిచిపోలేదు. ఇది ఐదోది.

ఆదివారం ఉదయం ఏడున్నరకు నెహ్రూ నగర్‌లో స్టేషన్‌కు షేర్ ఆటో ఎక్కాను. చేతిలో రెడ్ ఆక్సైడ్ డబ్బా, బ్రష్షు. పోయిన ఎండాకాలంలో ఆ గానుగకు మొదటి పూత వేసింది నేనే. ఉక్కు ప్లాంటు మెయింటెనెన్సులో ముప్పై ఏళ్లు చేసినవాడికి పాతది ఏది కనబడినా చెయ్యి ఆ డబ్బా మీదకే పోతుంది.

ఎనిమిది పదికి రావాల్సిన లోకల్ రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎదుటి సీటులో రాయపూర్ వెళ్తున్న ఒక తెలుగావిడ డబ్బా చూసి చీర కుచ్చిళ్లు వెనక్కి లాక్కుంది.

"గేటుకా, భయ్యా?"

"చెక్క గానుగకు."

"ఇనుముకి జంగ్ పట్టకుండా రాసీదే గదా ఇది! కర్రకి తుప్పేటి?"

ఈవిడకేం తెలుసని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

స్టేషన్ నుంచి పావుగంట నడక. గానుగ అప్పలనరసమ్మ గారిది. రైల్వే యార్డులో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆమె మామగారు దాన్ని విడగొట్టి, గూడ్సు బండిలో వేయించుకుని తెచ్చారట. రోలు ఒకే చింత మొద్దు, నూనె తాగి తాగి నల్లబడింది. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే, ఇరుగుపొరుగు నువ్వులు తెచ్చి ఆడించుకునేవారు.

నేను వెళ్లేసరికి ఎద్దు నీడలో నెమరేస్తోంది. గానుగ మీద గోనెపట్టా కప్పి ఉంది.

"మళ్లీ తెచ్చీసినావేటన్నయ్యా, డబ్బా?" అందామె. "రోలు లోపల కూడా రాసీసినావు. నూనంతా పెయింటు కంపు. జనం రావడం మానీసినారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పనిస్తే గదా! ఫోనెత్తిన కాడి నుంచీ పత్రికోళ్లతో నీ తగువే."

నా మాట ఎవరూ వినరని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి నేనే. రంగు గీకేద్దామని జేబులోంచి గరుకు కాగితం తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. లోపలి నునుపు పోతే ఇంక నూనె దిగదు. పనిలేని ఎద్దుని ఎన్నాళ్లు మేపుతాను? వచ్చే నెల సంతలో అమ్మీస్తాను."

టీ ఇచ్చింది. మొహమాటపడుతూనే రెండుసార్లు తాగాను. పదకొండు నలభై లోకల్‌లో తిరిగొస్తూ, గానుగ పాడైందని ఫిర్యాదు రాయబోయాను. తప్పు చేసినవాడి పేరు దగ్గర నా పేరే రాయాల్సి వచ్చింది. యాత్ర మొత్తం మీద నాకు మిగిలిన జ్ఞానం అదే.

సంపాదకులు గారూ, చెక్క నునుపు చెడకుండా రోలు లోపలి రంగు వదిలించగల వడ్రంగి మీ పాఠకుల్లో ఎవరికైనా తెలుసా? నా మీద కోపముంటే ఉంచుకోండి. ఎద్దు సంతకు వెళ్లేలోపు ఎవరో ఒకరు జవాబివ్వండి.