గోడ మీది మూడో బాక్సర్

మా బాక్సింగ్ సార్ మనిషిని చూసేవారు కాదు, గోడ మీద మనిషి నీడను చూసేవారు. చిక్కడపల్లిలో మిఠాయి దుకాణం పైన మా జిమ్. పెద్ద బరువు ఛాంపియన్ గొప్పా, చిన్న బరువు ఛాంపియన్ గొప్పా అని ఎవరడిగినా ఆయనది ఒకటే మాట: "బరువు తీసేసి చూడాలె రా."

ఆ ఏడు జిమ్ ఉత్తమ బాక్సర్ కప్పుకు నేనూ, ఒక అమ్మాయీ మిగిలాం. నారాయణగూడ బిర్యానీల పుణ్యమా అని నేను తొంభై రెండు కిలోలు. అశోక్‌నగర్ హాస్టల్ మెస్సు పుణ్యమా అని ఆ అమ్మాయి నలభై ఎనిమిది. కప్పు నాకు కావాలి. మా ఇంట్లో నా గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు మరి.

ఒక సాయంత్రం సార్ కిటికీలు మూసి, మా వెనక ఒక లైటు పెట్టారు. అమ్మాయిని లైటుకు దగ్గరగా, నన్ను గోడకు దగ్గరగా నిలబెట్టారు. రెండు నీడలూ సమానమయ్యాయి. మా మధ్యలో నిలబడి, గోడనే చూస్తూ "గాలిల కొట్టుండ్రి" అన్నారు.

కాసేపటికి ఆయన గొంతు మారింది. "ఆ నడిమి నీడ ఎవరిది రా? మీ ఇద్దరికంటె మంచిగ కొడుతున్నది."

"మీదే సార్. కప్పు మీరే తీస్కోండ్రి" అన్నాను.

అమ్మాయి నవ్వింది. సార్ కిందికి చూసుకున్నారు.

"నా చేతులు జేబులల్ల ఉన్నయి గద రా."

మేమిద్దరం ఆగిపోయాం. నడిమి నీడ ఆగలేదు.

"లైట్ ఆపుండ్రి సార్" అంది అమ్మాయి.

ఆ కప్పు మీద ఇప్పటికీ పేరు లేదు. అడగడానికి నేను వెళ్లలేదు, ఆ అమ్మాయీ వెళ్లలేదు. ఎవరు గెలిచారో ఇద్దరమూ చూశాం.