పాత సామాను అప్పజెప్పడానికి మరిపెడ దాకా

హనుమకొండ బస్టాండు నుంచి మరిపెడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఆ సోమవారం ఉదయం ఆరుంబావుకు కదిలింది. నేను ఆరింటికే వెళ్లి కూర్చున్నాను. సంచిలో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, రెండు రోజుల సెలవు చీటీ. ముందురోజు దానిమీద సంతకం పెట్టేటప్పుడు డాక్టరుగారు, సెలవు దేనికని అడిగారు.

"మరిపెడ భిక్షపతి దగ్గరికి పోతాన సార్. ఆ రోజు ఏమైందో చెప్పి, రెండో కంటికి తోల్కొస్త," అన్నాను.

ఆయన ఆ కాగితం మీంచి తల ఎత్తకుండానే సంతకం పెట్టారు.

నేను ఒక కంటి దవాఖానలో ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సును. పేరు స్వరూప. శుక్లం తీసేటప్పుడు డాక్టరు చేతికి పనిముట్లు అందించడం నా పని. వాటిలో కాన్యులా అని ఒకటుంటుంది. చూడటానికి సూదిలాగే ఉండే సన్నని గొట్టం, కానీ మొన మొద్దు. సిరంజికి తగిలించి నొక్కితే కంటి లోపలికి సన్నగా నీరు పోతుంది. ఆ నీరే ముదిరిన శుక్లాన్ని చుట్టూ ఉన్న పొర నుంచి విడదీస్తుంది, చివరికి లోపల మిగిలిన తుక్కును కూడా కడిగేస్తుంది. సిరంజిల్లో మర ఉన్నవి, లేనివి రెండు రకాలు. మర ఉన్నదానికి కాన్యులాను తిప్పి బిగించవచ్చు. మర లేనిదానికి ఊరికే గుచ్చి వదలడమే. కంటి పనికి అది పనికిరాదు.

పోయిన ఏడాది ఒక కంటి శిబిరం రోజున పదకొండో కన్ను భిక్షపతిది. తొందరలో నా చెయ్యి మర లేని సిరంజి మీద పడింది. డాక్టరుగారు నొక్కగానే కాన్యులా ఊడి, నీటి దెబ్బకు నేరుగా కంటి వెనక గోడను తాకింది. ఆ కన్ను పోయింది. ఆయనకు మాత్రం "మీ కంటి నరం ముందే బలహీనంగా ఉంది" అని చెప్పి పంపించాం. నేను పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ సిగ్గు నన్ను ఏడాదిగా వదల్లేదు.

ఆయన రెండో కంట్లో కూడా శుక్లం ముదిరిపోయింది. ఇంకా ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ ఆపరేషనూ పనికిరాని స్థితి వస్తుంది. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఆయన భార్య లచ్చమ్మ, "ఆయన రాడు బిడ్డా. ఇప్పుడు అన్ని చేతులతోటి తడిమి చూస్తాండు. దుకాణం మూస్త అంటాండు," అని ఏడ్చింది. ఆ పూటే సెలవు చీటీ రాశాను.

కండక్టరమ్మ వచ్చి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టింది. ఈ దారిలో పొద్దున వెళ్లేవాళ్లకు నాదొక సలహా: కుడివైపు కూర్చోండి. ఎడమవైపు కిటికీల్లో ఎండ వర్ధన్నపేట దాటేదాకా మొహం మీదే ఉంటుంది. నేను తెలియక ఎడమవైపు కూర్చుని కొంగు కప్పుకుని వెళ్లాను. పక్క సీటులో కొత్తిమీర కట్టల గంపతో ఒకామె తొర్రూరు దాకా వచ్చింది. ఏం పని మీద పోతున్నావని అడిగితే, ఒకాయనను ఆపరేషనుకు తీసుకురావడానికన్నాను.

"చుట్టమా?"

"కాదు."

"చుట్టం గాకుంటనే గింత పొద్దుగాల లేసినవా? అయితే బాకీ అన్నా ఉండాలె," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఏడూ నలభైకి తొర్రూరులో పది నిమిషాలు ఆపారు. అక్కడ టీ బాగుంటుంది, ఇడ్లీ మాత్రం వద్దు. తొర్రూరు దాటాక రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటు బస్సులోకి కూడా కొడుతోంది. ఎనిమిదిన్నరకు మరిపెడలో దిగాను.

భిక్షపతి దుకాణం ఖమ్మం రోడ్డు మీద బస్టాండుకు ఐదు నిమిషాల దూరం. పొలాల్లో మందు కొట్టే పంపులు బాగు చేస్తాడు. ఒక గది, ముందు రేకు తలుపు, గోడకు వేలాడే పాత పంపులు. అడ్డంగా కట్టిన తీగకు చిన్న చిన్న కాగితం పొట్లాలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతిదాని మీదా పెన్సిలుతో ఒక పేరు, కింద ఒక మాట: "వాషర్ అరిగింది", "నాజిల్ పగిలింది", "మర పోయింది". పంపులో చెడిపోయిన సామాను తీసి, పేరూ కారణమూ రాసి, పంపుతో పాటు రైతు చేతిలో పెట్టడం ఆయన అలవాటట. చివరి పది పన్నెండు పొట్లాల మీద ఏమీ రాసి లేదు.

నా గొంతు విని భిక్షపతి నన్ను గుర్తుపట్టాడు. లచ్చమ్మ ముక్కాలి పీట వేసింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. శిబిరం, పదకొండో కన్ను, మర లేని సిరంజి, నా చెయ్యి. ఆయన ఒళ్లో ఉన్న పంపు మీద చేతులు కదలకుండా పెట్టి విన్నాడు.

"ఏడాది పట్టిందా బిడ్డా చెప్పనీకి?"

"పట్టింది కాకా. భయపడ్డ."

"మరి సామాన్ ఏది?"

"ఏ సామాన్?"

"ఊడిన సామాన్. ఎవ్వల పంపు ఇప్పినా, చెడిపోయింది వాళ్ల చేతుల వెట్టినంకనే నేను మాట్లాడ్త. చూపియ్యకుంట చెప్పేది ఒట్టి ముచ్చట. ముచ్చట్లు అప్పుడు గూడ మస్తు చెప్పిండ్రు."

ఆ కాన్యులా నా దగ్గర ఉంది. పారేయలేక చిన్న సీసాలో వేసి నా అల్మారీలో, చీరల వెనక దాచాను. తేవాలని తట్టలేదని రాయొచ్చు గానీ, అది అబద్ధం. పొద్దున సీసా బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టేశాను.

"ఉన్నది కాకా. తెస్తే వస్తరా?"

"తెచ్చినంక చూద్దం," అని పంపు విప్పడం మొదలుపెట్టాడు.

లచ్చమ్మ అన్నం తిని పొమ్మంది. జొన్నరొట్టె, టమాట తొక్కు. తినకపోతే బాధపడుతుందని తిన్నాను. ఒంటిగంట బస్సుకు తిరిగి బయలుదేరాను. దారంతా ఆయన మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది. వర్ధన్నపేట వచ్చేసరికి అది కూడా పోయి, మళ్లీ వెళ్లాలన్న పట్టుదల ఒక్కటే మిగిలింది.

మంగళవారం మళ్లీ అదే ఆరుంబావు బస్సు. ఈసారి కుడివైపు కూర్చున్నాను. సంచిలో ఆ సీసా, రెండు రకాల సిరంజిలు. కండక్టరమ్మ నన్ను చూసి ఆగింది.

"మల్లొచ్చినవా అక్కా? నిన్న పోయిన పని కాలేదా?"

"సగం అయింది. మిగిలిన సగానికి పోతాన."

"జీరో టికెట్ ఉన్నదని రోజు తిరుగుతానవ్ గద," అని ఆటపట్టిస్తూ టికెట్ కొట్టింది.

ఎనిమిది నలభైకి సీసా భిక్షపతి అరచేతిలో పెట్టాను. ఆయన మూత తీసి కాన్యులాను రెండు వేళ్ల మధ్య దొర్లించాడు. మొన మీద బొటనవేలు ఆనించి, మొదట్లో ఉన్న ప్లాస్టిక్ గొట్టం అంచును గోటితో గీకాడు. "సిరంజి తెచ్చినవా?" అన్నాడు. రెండూ ఇచ్చాను. మర లేనిదాంట్లో నీళ్లు పీల్చి, కాన్యులాను గుచ్చి, తలుపు వైపు తిప్పి నొక్కాడు. అది ఊడి పోయి రేకు తలుపుకు టంగుమని కొట్టుకుంది. లచ్చమ్మ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది.

నేల మీద వెతికి తెచ్చి ఇచ్చాను. ఈసారి మర ఉన్నదానికి తిప్పి బిగించాడు. బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కాడు. నీళ్లు సన్నటి గీతలా తలుపు దాకా పోయాయి. కాన్యులా కదల్లేదు.

"గిది చేతుల ఉండంగ, గది ఎందుకు వెట్టినవ్?"

"తొందరల కాకా."

ఆయన సిరంజిని ఒళ్లో పెట్టుకున్నాడు. పోయిన కంటి నుంచి కూడా నీళ్లు కారాయి. "ఏడాది సంది నా కన్నే ఖరాబనుకున్న. మా నాయిన దిక్కు కండ్లు మంచియి గావు, గదే నాకొచ్చిందనుకున్న. గా రెండోదాన్ని గూడ మీ చేతుల వెడితె ఏం లాభమని ఊకున్న. సామాన్ మంచిదే గదా, బిగిచ్చుడే తప్పు."

నేనూ ఏడ్చాను. దాచుకోవడం దేనికి.

"లచ్చమ్మా, చద్దర్లు సదురు," అన్నాడు ఆయన. మళ్లీ నా వైపు తిరిగి, "కని ఒక్క మాట. గా మర నువ్వే బిగియ్యాలె. ఇంకోలు వద్దు. వాళ్లకు గానాటి సంగతి ఎర్కలేదు, నీకెర్కే."

ఆ మాట నేను ఊహించలేదు. థియేటరులో ఇంకొకరిని పెడతానని చెప్పడానికే సిద్ధమై వెళ్లాను. సరేనన్నాను.

పదకొండున్నర బస్సులో ముగ్గురం హనుమకొండ వచ్చాం. లచ్చమ్మకు, నాకు జీరో టికెట్, ఆయనకు మామూలు టికెట్. "మొగోల్లు చేసిన తప్పేంది?" అని ఆయన కండక్టరుతో వాదన పెట్టుకున్నాడు. బస్సంతా నవ్వింది. దవాఖాన వార్డులో రోగికి మంచం, తోడు వచ్చినవాళ్లకు చాప ఇస్తారు. రాత్రికి అన్నం, చారు దొరుకుతాయి. సాయంత్రం బీపీ, షుగరు చూశారు, రెండూ బాగానే ఉన్నాయి.

బుధవారం తొమ్మిదింటికి డాక్టరుగారు తనే మంచం దగ్గరికి వచ్చారు. "నేను చెప్పాల్సింది భిక్షపతీ. చెప్పలేదు, తప్పు నాది," అన్నారు.

"సిస్టరమ్మ చెప్పింది సార్. మీరు జర నిమ్మలంగ చెయ్యుండ్రి, చాలు."

థియేటరులో ఇప్పుడు నాదొక పద్ధతి ఉంది. ఆ శిబిరం తర్వాత మొదలుపెట్టాను. కాన్యులాను తిప్పి బిగించి, కంటికి దూరంగా ఒకసారి నీళ్లు చిమ్మి చూసి, "బిగించాను" అని పైకి చెప్పి అప్పుడు అందిస్తాను. ఆ రోజు ఆయన వినాలని ఆయన భాషలోనే "బిగిచ్చిన కాకా" అన్నాను. గుడ్డ కింద నుంచి "ఆఁ" అన్నాడు. డాక్టరుగారు తల కదపొద్దన్నారు. అప్పటి నుంచి నేను చెప్పిన ప్రతిసారీ ఆయన చూపుడు వేలు లేచింది. నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ లేచింది. నీటి ఒత్తిడికి శుక్లం మొత్తంగా బయటికి వచ్చింది. చింతగింజ రంగులో, శనగబద్దంత ఉంది. మామూలుగా పారేస్తాం. నేను డాక్టరుగారిని అడిగి చిన్న సీసాలో వేశాను.

గురువారం ఎనిమిదింటికి కట్టు విప్పారు. ఆయన మొదట చూసింది నా మొహం కాదు, లచ్చమ్మ మొహమూ కాదు. మంచం పక్కన సెలైన్ స్టాండు మరను చూసి, "గిది వదులైంది, బిగియ్యుండ్రి," అన్నాడు. నాకు ఆ రోజు వారపు సెలవు. దింపి వస్తానని నేనూ బస్సెక్కాను. దారిలో వచ్చిన ప్రతి బోర్డునూ పైకి చదివాడు. రాయపర్తి, తొర్రూరు, పురుగుమందుల దుకాణాలు, ఏదీ వదల్లేదు. వెనక సీటు పెద్దాయన విసుక్కుని "జర కండ్లు మూసుకోరాదయ్యా" అన్నాడు. "ఏడాది మూసుకున్న, ఇగ మూస్తనా?" అన్నాడు భిక్షపతి.

రెండింటికి దుకాణం తెరిచాం. నేను సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. "కాకా, మీ పాత సామాన్."

ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను చికిలించి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదా నా కంట్ల ఉన్నది? గింతదా!" అని నవ్వాడు. లచ్చమ్మను పిలిచి చూపించాడు. ఆమె దండం పెట్టబోయి, దేనికి పెడుతోందో తెలియక ఆగిపోయింది. ఆయన సీసాను దేవుడి పటం పక్కన పెట్టాడు.

తర్వాత పీట మీద కూర్చుని పాత పేపరు చింపాడు. మంగళవారం నేను తెచ్చిన కాన్యులాను అందులో చుట్టి, దారం కట్టాడు. పెన్సిలును నాలుకకు తాకించి, పొట్లం మీద ఒక్కో అక్షరం మెల్లగా రాసి నా చేతిలో పెట్టాడు.

"నాది నాకు ముట్టింది. గిది నీది, తీస్కపో."

మూడున్నర బస్సులో ఎడమవైపు సీటే ఖాళీగా దొరికింది. సాయంత్రం ఎండ కూడా అటువైపే పడుతోంది, నేను ఇచ్చిన సలహా తిరుగు దారికీ పనికొస్తుంది. మరిపెడ వెళ్లేవాళ్లు వెళ్లండి, పంపు చెడితే ఆ దుకాణానికి పట్టుకెళ్లండి. ఆయన బాగు చేస్తాడు, ఏం చెడిందో కూడా చూపిస్తాడు. దవాఖానలో మేము నేర్చుకోవాల్సింది అదే, నేర్చుకోవడానికి నాకు మరిపెడకు మూడు ప్రయాణాలు పట్టాయి. రేపు ఆపరేషనుకు తొమ్మిది కళ్లున్నాయి. ఈ పొట్లం ఇక అల్మారీలో చీరల వెనక ఉండదు. థియేటరు బయట చేతులు కడుక్కునే చోట, అందరికీ కనిపించేలా మేకుకు కడతాను.

తొర్రూరు దాటాక పొట్లాన్ని ఎండలోకి తిప్పి చదివాను. చూపు వచ్చాక ఆయన రాసిన మొదటి అక్షరాలు అవి, కొంచెం వంకరగా ఉన్నాయి. పైన "స్వరూప, నర్సు" అని, కింద "మర బిగియ్యలేదు" అని ఉంది.