బావిలోంచి ఫకీరా చూసిన తలకాయలు

గరిడేపల్లిలో నాట్లకు, కోతలకు కూలీలను కూడగట్టేది ఏసమ్మ. ఇరవైమందిని వెంటేసుకొని మిర్యాలగూడ దాకా పోయేది. పొద్దున్నే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరి మడి వాళ్లకు చూపేది. మనుషులంటే తనకు బాగా తెలుసనుకునేది. 1949 ఎండాకాలంలో ఒక్క పూటలో ఆ నమ్మకం కూలిపోయింది.

ఆ రోజు కోదాడ నుంచి దూదేకే ముసలాయన ఫకీరా ఊళ్లోకి వస్తూ, దాహమై పొలంలోని మోటబావి మెట్లు దిగి, కాలుజారి నీళ్లలో పడ్డాడు. కేక విని పక్కనే కోత కోస్తున్న ఏసమ్మ కూలీలంతా కొడవళ్లు వదిలి ఉరికొచ్చారు. వచ్చి, బావి చుట్టూ నిలబడ్డారు. అంతే! ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కింద ముసలాయన మునిగి తేలుతున్నాడు.

అందరికంటే ముందు నిలబడ్డది ఏసమ్మ పెనిమిటి సైదులు. పొంగిన మూసీని ఈదిన మనిషి. అతని పక్కన అచ్చయ్య. ఏసమ్మ తల్లికి జ్వరమొస్తే మంచం మీద సూర్యాపేట దవాఖానకు మోసుకుపోయినవాడు. వీళ్లకేమైంది? అనుకుంది ఏసమ్మ. తనూ అట్లాగే నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

పదిహేనేళ్ల కాపురంలో మొగుడి పేరు పలకని నోరు అరిచింది.

"సైదులూ, నువ్వు దుంకు! అచ్చయ్యా, మోటతాడు ఇడువు!"

పేరు చెవిన పడంగానే ఇద్దరూ కదిలారు. ముసలాయన ప్రాణాలతో గట్టెక్కాడు.

కాసేపటికి తెప్పరిల్లి, ఫకీరా నవ్వాడు. "పైన సుట్టూ తలకాయలు కనవడ్డయ్ బేటీ. గింతమంది ఉన్నరు, ఇగ బతికినట్టే అనుకున్న. అందుకే కేకలు గూడ ఆపిన."



ఇంటికొచ్చాక ఏసమ్మ మొగుణ్ణి అడిగింది. "ఎందుకు నిలవడ్డవయ్యా?"

"అందరు నిలవడ్డరు గద. ఎవరో ఒకరు దుంకుతరనుకున్న. నువ్వు పిలిసేదాక నా కాళ్లు నాయి గావు."

చెడ్డవాళ్లయితే తిట్టిపోసేది. వీళ్లు మంచివాళ్లు. అదే ఆమెకు వణుకు పుట్టించింది.

మర్నాడు ఇద్దరూ ఫకీరాను బండెక్కించుకొని కోదాడకు బయల్దేరారు. దారి పొడుగునా ఆయన గరిడేపల్లి జనం సల్లగుండాలని దీవిస్తూనే ఉన్నాడు. మొగుడూ పెళ్లాల్లో ఒక్కరికీ ఆయన మొహం చూసే ధైర్యం చాలలేదు.