మిలట్రీ తాత చెప్పమన్న మాట

మిలట్రీ తాత పోయాడని సోమవారం పొద్దున్నే హుకుంపేట నుంచి నాన్న ఫోన్ చేశాడు. "సిక్కుడు పాదుకి పందిరేస్తూ కూలబడిపోనాడంటమ్మా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాసేస్తే పాపం చుట్టుకుంటుంది.

ఆయన మాకు బంధువు కాదు. కొండమీది ఊరి నుంచి సంతకొచ్చి, చింతపండు అమ్ముకుని, మా కొట్లో ఉప్పు కొనుక్కునేవాడు. ఏ సంతకీ గెడ్డం గీసుకోకుండా రాలేదు. పిల్లలం బెల్లంముక్క కోసం తన్నుకుంటే, "ఆకలున్నోడికి ముందర్రా" అనేవాడు. కుర్రతనంలో సైన్యంలో చేరి, యుద్ధంలో పట్టుబడి, ఏడాదికి పైగా శత్రువుల చెరలో ఉన్నాడు. ఎడమచేతి మూడు వేళ్లకు గోళ్లు లేవు. ఏమయ్యాయని అడిగితే "అక్కడ మర్సిపోనాను" అని నవ్వేవాడు.

నేను డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టాక, యుద్ధఖైదీలను పెట్టిన హింసల మీద ఒకటి తీస్తాను, మాట్లాడతావా తాతా అని అడిగాను. రెండేళ్లు తిప్పించుకుని, మామిడి కొత్తల పండగ నాడు రమ్మన్నాడు. కొత్త కాయ ఇంట్లోవాళ్లు నోట పెట్టేముందు, పోయిన పెద్దలకు ఆకులో పెట్టడం అక్కడి ఆచారం. తాత తనవాళ్లకంటే ముందు ఇంకో ఆకు వేశాడు. చెరలో తనతో ఉండి అక్కడే చచ్చిపోయిన సీలేరు స్నేహితుడికట. ఏటేటా వేస్తాడట.

తర్వాత కెమెరా ముందు కూర్చున్నాడు. మూడు రోజులు నీళ్లివ్వకుండా ఉంచి, తన చేతికి కర్రిచ్చి, ఆ స్నేహితుణ్ణే కొట్టమన్నారట. "కొట్టీసినాను. రెండోనాడు ఆడు సచ్చిపోనాడు. ఆడి పెళ్లానికి జొరమని సెప్పినాను. ఇది సినిమాలో ఎట్టు, గుంటా. ఆవిడ ఇనాల. మొకమ్మీద సెప్పీ దయిర్యం నాకు లేదు."

నేను పెట్టలేదు. పెద్దాయన పరువు కాపాడుతున్నానని మురిసిపోతూ కత్తిరించాను. ఆకు వేసే దృశ్యం మాత్రం ఉంచాను. భలే ఉందని అందరూ మెచ్చుకున్నారు.

హుకుంపేటలో సినిమా వేసినప్పుడు ఆ స్నేహితుడి భార్యను సీలేరు నుంచి నేనే జీపులో తీసుకొచ్చాను. అయిపోగానే ఆవిడ తాత రెండు చేతులూ పట్టుకుని, "ఏటేటా మావోడికి ఆకేత్తన్నావా బావా! మా ఇంట్లోవోలే మర్సిపోనారు" అని ఏడ్చింది. తాత చేతులు లాక్కున్నాడు. నన్ను పక్కకు పిలిచి "నాను సెప్పింది ఏదే?" అన్నాడు. మళ్లీ పెడతాను తాతా అన్నాను.

"బేగి ఎట్టు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మా కొట్టు గుమ్మం తొక్కలేదు. నేను వేరే పనుల్లో పడ్డాను. పనులట, పనులు! డెబ్బై దాటిన మనిషికి ఇంకా చాలా రోజులున్నాయనుకున్నాను.

దినాలయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని సీలేరు వెళ్లాను. తాత చెప్పింది చెప్పినట్టు వేశాను. కర్ర మాట రాగానే ఆవిడ కళ్లు మూసుకుంది. తాత ఇంకా చెబుతున్నాడు. "ముందు నాను కొట్టనని కర్ర పారీసినాను. ఆడే అన్నాడు, కొట్రా, నువ్వైనా నీళ్లు తాగి ఇంటికెల్లు, మా దానికి సెప్పు, నాను ఏడవలేదని."

భర్త ఆవిడకు పంపిన కబురది. తాత యాభై ఏళ్లు చెప్పలేకపోయాడు. చెప్పిన రోజున నేను కోసి పక్కన పడేశాను.

"మల్లీ ఎయ్యమ్మా" అంది ఆవిడ. మూడుసార్లు వేశాను.

"ఇది అప్పుడే సూపించుంటే బావని నోటికొచ్చినట్టు తిట్టీదాన్ని" అంది. తెరకేసి చూస్తూ, "ఆనక ఇంటికి తీసుకొచ్చి అన్నం ఎట్టీదాన్ని" అంది.

తెరమీద తాత మొహం ఆగిపోయి ఉంది. దాని మీద ఘాటురోడ్డు దుమ్ము. ఆవిడ ముందుకు వంగి, కొంగుతో ఆయన చెంప తుడవడం మొదలుపెట్టింది. దుమ్ము పోయినా ఆపలేదు.