కింది బోల్టు

ఇంజనీరింగు పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా రాని ఆ రోజుల్లో, నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ ఉండదని గట్టి నమ్మకం. తర్వాత ఉద్యోగం వచ్చింది, నమ్మకం పోయింది. మార్కాపురంలో మా వీధి మొత్తానికి మెకానికల్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగేళ్ళ చదువులో నేను పానా పట్టుకున్నది రెండుసార్లు, అందులో ఒకటి ఫొటో కోసం. ఈ సంగతి మా నాయనకు తెలియదు. ఆయన పలకల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి రాయి కోసి, పొరలు చీల్చి, చట్రాలు బిగించిన మనిషి. ఎన్ని వేలమంది పిల్లలు ఆయన చేసిన పలకల మీద అక్షరాలు దిద్దారో గానీ, ఆయన మాత్రం బడికి పోలేదు. సంతకం ఒక్కటి నేర్చుకున్నాడు. టీ అంగట్లో ఎవరు కనబడినా "మావోడు ఇంజన్ల చదువు చదివినాడు" అని చెప్పేవాడు. వీధిలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి నీళ్ళ మోటారు మొరాయించినా నన్ను పంపేవాడు. నేను వెళ్ళి, మూత తీసి, లోపలికి తొంగిచూసి, "కాయిల్ పోయింది" అని గంభీరంగా చెప్పి వచ్చేవాణ్ణి. (చాలాసార్లు నిజంగానే కాయిలు పోయి ఉండేది. అందులో నా ప్రతిభ ఏమీ లేదు.)

మా అక్క త్రిపురాంతకం దారిలో ఒక పల్లెలో పంతులమ్మ. రోజూ గేర్లు లేని స్కూటరు మీద వెళ్ళివచ్చేది. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, "ఈ పొద్దు బండికి ఆయిలు మార్పించాల. రేపు పెద్దసారు సెలవు, బడి తాళాలు నా దగ్గరే ఉండాయి. దోవలో ఆగిందంటే పిల్లోళ్ళంతా గేటు బయటే" అంది. మా వీధి బండ్లన్నీ చూసేది మెకానిక్ మామ. (సాయిబుల ఆయన. మాకు చుట్టమేమీ కాదు, మా ఊళ్ళో ఏదో ఒక వరస కలపకుండా ఎవరినీ పిలవం.) అక్క ఆయన దగ్గరికి బయలుదేరబోతుంటే నాయన అడ్డుపడ్డాడు. "ఇంట్లో ఇంజనీరును పెట్టుకొని అంగడికి పోతే నలుగురు ఏమనుకుంటారు? ఏంరా, నీకు రాదా ఏంది?" అన్నాడు. రాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు. కానీ ఆయన కళ్ళలో అనుమానం ఇంత కూడా లేదు. ఈయన నమ్మకం ఒక్కటి నిలబడితే చాలు, ఉద్యోగం ఎప్పుడొచ్చినా ఫరవాలేదనిపించింది. "అదేం పెద్ద పని" అన్నాను.

ఫోన్లో ఒక వీడియో చూశాను. దాంట్లో ఒక కుర్రాడు తెల్ల చొక్కా మాయకుండా ఆయిలు మారుస్తున్నాడు. సగంలో డేటా అయిపోయింది. ఆ చూసిన సగమైనా మరిచిపోకుండా రాసుకుందామని కాగితం అడిగితే, నాయన అటక మీద నుంచి పలక తీసిచ్చాడు. మూలన పగులుందని ఫ్యాక్టరీలో పక్కన పడేసిన పలక. అలాంటివాటి మీద మేకుతో ఒకదాన్నొకటి కోసే రెండు గీతలు గీస్తారు. బాగున్నదానికి చిన్న సున్నా చుడతారు. ఆ మూలను వదిలేసి బలపంతో రాశాను: ఒకటి, బండి కొంచెం వేడి చెయ్యాలి. రెండు, కింది బోల్టు విప్పాలి. మూడు, పాత ఆయిలు కార్చి బోల్టు బిగించాలి. నాలుగు, కొత్తది పోయాలి. నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూశాడు. "బలపం చెరిగిపోతాది" అని, అరుగు మీద కూర్చుని, నా అక్షరాల మీదే మేకుతో ఒక్కొక్కటీ దిద్దాడు. అరగంట పట్టింది. నేను ఆపితే బాగుండేది. అప్పటికి అవి చెరపాల్సిన అక్షరాలని నాకు తెలియదు.

ఆ రోజు మా వీధికి నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు. అంటే ఇంట్లో మూత నుంచి గంగాళం దాకా ప్రతిదీ కడిగి వరసలో పెట్టి ఉంటుంది. ఆయిలు కార్చుకోవడానికి గిన్నె అడిగితే అమ్మ నన్ను ఆపాదమస్తకం చూసి, సొట్టబోయిన ఇడ్లీ పాత్ర మూత ఒకటి విసిరింది. బండిని ఇంటిముందు స్టాండు వేసి, కింద పడుకుని చూశాను. వెనక చక్రం పక్కన ఒక బోల్టు కనబడింది. ఇంకా ముందుకు చూసి ఉంటే ఇంకొకటి కూడా కనబడేది. కానీ పలక మీద బోల్టు అని ఒక్కటే రాసి ఉంది, అదీ నా చేతిరాతతో. విప్పాను. టీగ్లాసుడు ఆయిలు కారి ఆగిపోయింది. నాయన వంగి చూసి, "ఇంతేనా?" అన్నాడు. "ఇంతకాలం మీ మెకానిక్కు ఇంతే పోస్తున్నాడు నాయనా" అన్నాను బాధగా. ట్యాంకరు కోసం బిందెలతో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఆ మాట విని మొహాలు చూసుకున్నారు. ఒక మంచి మనిషిని వీధిలో దొంగను చేయడానికి నాకు పట్టిన సమయం అంతే.

బోల్టు బిగించి, ఇంజను మూత విప్పి కొత్త ఆయిలు పోశాను. సీసాలో ఇంకా కొంత మిగిలి ఉండగానే రంధ్రం అంచుదాకా వచ్చింది. కడుపునిండా తాగిందని సంతోషించి, మూత బిగించి, స్టార్టు చేశాను. మొదట ఒక దగ్గు వినబడింది. తర్వాత వెనక నుంచి తెల్లని పొగ మొదలై, ముందు మా ఇల్లు, తర్వాత ఎదురిల్లు, ఆ తర్వాత నాయన కనబడకుండా పోయారు. సరిగ్గా అప్పుడే ట్యాంకరు వీధిలోకి తిరిగింది. ఎదురింటి పెద్దమ్మ గొంతు పొగలోంచి వినబడింది: "నీళ్ళు పట్టుకునే పొద్దే దోమల మందు కొట్టాలనా వీళ్ళకి! బిందెల మీద మూతలు పెట్టండే!" నలుగురు పిల్లలు ఎక్కడినుంచో ఊడిపడి పొగ వెంట కేకలు వేస్తూ పరుగెత్తారు. దోమల మందు బండి కనబడక తిరిగి వచ్చేశారు. ట్యాంకరు డ్రైవరు "పొగ పోయినాక వస్తా" అని వెనక్కి తిప్పుకుని పోయాడు. నేను స్కూటరు ఆపాను. పొగ మెల్లగా విడిపోతుంటే, ఖాళీ బిందెలు, వాటి పక్కన ఆడవాళ్ళు, మధ్యలో పానాతో నేను బయటపడ్డాం. ఎదురింటి పెద్దమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. నాయన మాత్రం, "కొత్త ఆయిలు గదా, మొదట అట్లనే ఉంటాది" అని వాళ్ళకు నచ్చజెప్పాడు.

అక్క అప్పటికే ఫోను చేసేసింది. మెకానిక్ మామ వచ్చి, బండి పక్కన గొంతుక్కూర్చుని, వెనక బోల్టును వేలితో తడిమాడు, వేలు వాసన చూశాడు, ఇడ్లీ మూతలోని ఆయిలు చూశాడు. చివరికి నన్ను చూశాడు. నాయన పలక తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "చూడు తమ్ముడా, అన్నీ రాసుకొనే చేసినాడు." మామ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆయన ఒక్కమాట అంటే నా ఇంజనీరింగు ఆ వీధిలోనే ముగిసిపోతుంది.

"రాసింది కరెక్టుగా ఉండాది అన్నా. బండిదే తప్పు" అన్నాడు మామ. "లోపల పాతగుడ్డ ఉంటే పట్టుకరా పో."

నాయన లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించి, "ఇంజనీర్ సాబ్, బోల్టులు రెండుంటాయి. నువ్వు తీసింది వెనక గేర్లది. ఇంజను ఆయిలు కదల్లే, దాని మీదనే కొత్తది పోసినావు. ఇట్లనే పోయింటే మీ అక్క బడికాడికి చేరేది కాదు" అన్నాడు. చేతులు తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి. ఎక్కువైంది తీశాడు, లేనిది పోశాడు, గాలి ఫిల్టరు తుడిచాడు. నేను "మామా, పొద్దున నీ గురించి ఒక మాటన్నాను" అని మొదలుపెట్టాను. "వినబడింది లే. మన వీధి గదా" అన్నాడు. నేను తల దించుకుని పానా తుడుస్తూ కూర్చున్నాను. అప్పటికి నాయన గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో గమనించలేదు.

సోమవారం అక్క వేళకే గేటు తీసింది. నా పరువు దక్కిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ నాయన పలకను మీటరు పెట్టె కింద మేకుకు తగిలించాడు, బండికి ఆయిలు మార్చేది ఇక ఇంట్లోనే అని ప్రకటించాడు. చెరుపుదామంటే అక్షరాలు చెరగవు. సిగ్గులో మామ చెప్పింది సగమే బుర్రకెక్కింది. బోల్టులు రెండని గుర్తుంది గానీ, ఏది దేనిదో గుర్తులేదు. మరుసటిసారి బండి కింద పడుకుని రెండింటినీ మార్చి మార్చి చూస్తుంటే, నాయన ఇడ్లీ మూత తెచ్చి ముందువైపు తోశాడు. "ఈడ పెట్టమంటావా?" అన్నాడు. "పెట్టు" అన్నాను, అదే చెప్పబోతున్నట్టు. ఆ తర్వాత ప్రతిసారీ మూత ఆయనే పెట్టాడు. నేను ఆ మూతకు పైనున్న బోల్టే విప్పుతూ వచ్చాను. ముసలాయనకు ఏదో ఒక పని ఉండాలి గదా అని, ఆ గౌరవం ఆయనకే వదిలేశాను.

పోయిన నెల గోడలకు సున్నం వేయిస్తూ పలక కిందికి దించాను. ఇన్నేళ్ళలో దాని వెనక వైపు నేనెప్పుడూ చూడలేదు. అక్కడ మేకుతో గీసిన బొమ్మ ఉంది. పెద్ద చక్రం, దాని పక్కన ఒక బోల్టు, కొంచెం ముందు ఇంకొకటి. చక్రం పక్కనున్నదాని మీద, పగిలిన పలకకు వేసే గీతలు రెండు. ముందున్నదాని చుట్టూ సున్నా.

ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను. నాయనకు ఏమీ తెలియనివ్వలేదని ఇన్నేళ్ళూ మురిసిన ఆ ఇంజనీరు కుర్రాడి మీద జాలేసింది, నవ్వూ వచ్చింది.

"ఏంది చూస్తాండావు?" అన్నాడు నాయన మంచం మీద నుంచి.

"ఏం లేదు నాయనా. సున్నం పడిందేమోనని."

"తుడిచి మళ్ళ ఆడనే తగిలించు. నువ్వు రాసింది గదా, పనికొస్తాది" అన్నాడు.

రాసినవైపు ముందుకు పెట్టి తగిలించాను. వచ్చే ఆదివారం ఆయిలు మార్చాలి. ఇప్పుడు ఏ బోల్టు దేనిదో నాకు బాగానే తెలుసు. అయినా మూత నాయన తెచ్చి పెట్టేదాకా ఆగుతాను.