కింది వరస

మొన్న కుప్పంలో బి.బి.ఏ. చదువుతున్న మా మనవరాలు ఇంటికొచ్చి తన ఫోన్‌లో ఒక సర్టిఫికెట్ చూపించింది; నలుగురితో కలిసి పనిచేయడంలోనూ, మాట్లాడే నేర్పులోనూ ఐదుకు ఐదు స్టార్లు. సంతోషపడాల్సింది పోయి నాకు అనుమానమే ముందొచ్చింది. టమోటా రైతు కొడుకుని, ఏ పెట్టె చూసినా పై వరస వదిలి కింది వరస తడిమే బుద్ధి నాది.

మదనపల్లెలో కామర్స్ లెక్చరర్‌గా ఉన్న రోజుల్లోనూ ఈ నేర్పులకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను బట్టే బెంగళూరు కంపెనీ వాళ్లు పిల్లల్ని ఇంటర్వ్యూకి పిలిచేవారు. మార్కెట్ యార్డులో వేలంపాట ఎలా సాగుతుందో కనుక్కొచ్చి క్లాసులో చెప్పమని పిల్లల్ని జట్లుగా పంపాను. ఒక జట్టు తరఫున ఇన్‌షర్ట్ చేసుకున్న అబ్బాయి ఇంగ్లీషులో గడగడా చెప్పేసరికి, పైన ఇంత నిగనిగలాడుతోందంటే అడుగున కుళ్లు ఉండే ఉంటుందనుకుని, చివర తల వంచుకుని నిలబడ్డ పుంగనూరు అమ్మాయిని పట్టుకుని నువ్వేం చేశావని నిలదీశాను. మన ఈడు మాస్టర్ల గొంతు ఎలా ఉండేదో మీకు తెలియంది కాదు. ఆమె నోరు మెదపలేదు. దొంగ దొరికిందనుకుని అందరికన్నా తక్కువ మార్కు వేసి జాబితా కంపెనీకి పంపేశాను.

అంతటితో ఆగానా, మిగతావాళ్లైనా నిజంగా వెళ్లారో లేదోనని మరుసటి వారం యార్డుకే పోయి, మా నాయన సరుకు దింపే మండీ యజమానిని ఆరా తీశాను.

“పుంగనూరు పాప ఒకతే సార్ అడిగింది. తమిళోళ్లతో తమిళం, కన్నడమోళ్లతో కన్నడం. కలకడ రైతులైతే పని ఆపి మరీ చెప్పినారు. మిగిలినోళ్లు నీడన నిలబడి రాసుకునిరి,” అన్నాడాయన.

ఆదరాబాదరా కాలేజీకొస్తే, పంపిన జాబితా వెనక్కి రాదన్నారు. ఆ అమ్మాయిని పిలిచి, ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

“మీరు పట్టుకునేదానికి అడిగినారు సార్, తెలుసుకునేదానికి కాదు,” అంది, కోపమైనా లేకుండా.

ఇంటర్వ్యూకి ఆ అబ్బాయిని పిలిచారు, ఆమెను పిలవలేదు.

ఇప్పుడు స్టార్లు కంప్యూటరే వేస్తుందట. తప్పు జరిగితే ముఖం మీద ఆ మాట అనడానికి ఎదురుగా మాస్టారు కూడా ఉండడు. ఈ స్టార్ల కోసం నువ్వు నిజంగా ఏం చేశావే అని మనవరాలిని అడుగుదామని నోరు తెరిచాను. అడగబోయేది పట్టుకునేదానికో, తెలుసుకునేదానికో నాకే తేలక, ఫోన్ ఆమె చేతికిచ్చేశాను.