గుర్రం ఎక్కనివ్వని గౌరి

గోపాలపూర్ సముద్రతీరం ఇసకలో గుర్రమ్మీంచి పడ్డ నీహారిక లేచి, బట్టలు దులుపుకుని, గుర్రానికి రెండు చేతులూ జోడించి, "మాస్టారూ, టిఫినయిందా?" అని అడిగింది. గుర్రం జవాబు చెప్పలేదు.

చూస్తున్నవాళ్లంతా నవ్వారు. గౌరి కూడా నవ్వబోయి సగంలో ఆగిపోయింది. బడిలో డ్రిల్లు టీచరు, సెలవుల్లో స్వారీ నేర్పుతుంది. బరంపురంలో బంధువులందరికీ "గుర్రాల గౌరి". హెల్మెట్ ఉన్నా పిల్ల తల అదిరిందని ఆమెకు అర్థమైపోయింది. "పడ్డవాళ్లు ఎంటనే ఎక్కెయ్యాలి, లేపోతే బెదురు దిగబడిపోతాది" అని జనం సలహాలిస్తుంటే, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

స్కాన్‌లో ఏమీ లేదు. అయినా డాక్టరు తొందరపడొద్దన్నాడు. ముందు విశ్రాంతి, తర్వాత నడక, ఆపైన గుర్రం పక్కన పని, ఆఖర్న స్వారీ. మధ్యలో తల తిరిగితే ఒక మెట్టు దిగాల్సిందే. నయం కాకుండా ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుందన్నాడు. ఆ మాట గౌరికి నిద్రపట్టనివ్వలేదు.

చిక్కేమిటంటే, నీహారిక ఆమె మేనత్త కూతురు. ఆదివారం కూతురి స్వారీ ప్రదర్శనకి రమ్మని మేనత్త కమలాంబ తామున్న అంకులిలో వీధి వీధంతా పిలిచేసింది. దిష్టి తీసేసింది గనక దెబ్బ కూడా పోయినట్టే ఆవిడ లెక్క.

"నాకేటీ లేదొదినా, ఎక్కించెయ్," అంది నీహారిక, గుర్రాలశాలకి తిరిగొచ్చిన నాడు.

"అలాగే. ముందు ఆ పేడ ఎత్తు."

వంగి బుట్ట ఎత్తిన పిల్ల తూలి స్తంభం పట్టుకుంది. పేడంతా నేలపాలు.

"ఏటయింది?"

"స్తంభానికి సీమలు పట్టాయేమోనని సూస్తున్నాను."

"కళ్లు మూసుకునా?"

నీహారిక తలొంచుకుంది. "అమ్మ అందర్నీ పిలిచేసిందొదినా," అంది మెల్లగా.

పిల్ల ఇన్నాళ్లూ తల తిరుగుడు దాచింది తల్లి పరువు కోసమన్నమాట! గౌరి బుట్ట లాక్కుని, "ఆదివారం లేదు, ఏమీ లేదు. రేపట్నించి మళ్లీ నడకే," అంది.

సాయంత్రానికి కమలాంబ దిగింది.

"ఒసే గౌరీ! గుర్రం ఎక్కిస్తావనుకుంటే పేడబుట్ట కూడా లాగేసుకున్నావటే! వీధిలో నేనేటని సెప్పుకోనే?"

"బుట్ట దగ్గర తూలితే పేడ పడిందత్తా, గుర్రమ్మీద తూలితే పిల్ల పడతాది."